పదో రోజు చీర

సుంగై పెటాని,
ఏప్రిల్ 11, 2025

దాలమ్మకు గుణవతి రాస్తున్నది.

బాగున్నావా అని అడగను. బాగానే ఉండి ఉంటావు. ఫోనులో నీ గొంతు ఖణేల్‌మంటూ వినిపించింది కదా.

మా అబ్బాయి యోగేశ్వరన్ నీకు ఫోన్ చేసి కేకలేశాడట. ఆ ఫోన్ నేను చేయలేదు అన్నావట. అప్పటి నుంచి రోజుకు నాలుగైదుసార్లు నాకు చేస్తున్నావు, నేను ఎత్తడం లేదు. ఎత్తితే వచ్చేది నీ గొంతే. అది నువ్వో కాదో నాకెలా తెలుస్తుంది? అందుకే కాగితం తీశాను. ఉత్తరం రాసి ఇరవై ఏళ్ళు దాటింది, అక్షరాలు వంకరపోతే సర్దుకో. మీ అన్నయ్య రబ్బరు తోటలో పగలు చెట్ల పాలు తూచి సాయంకాలం తెలుగు బడి పెట్టినప్పుడు నేర్చుకున్నవాళ్ళలో ఈ మలేసియాలో ఇంకా రాయగలిగేది మనిద్దరమే. మాట్లాడేటప్పుడు ఏటి అన్నా, రాసేటప్పుడు ఏమిటి అనే రాయాలని చెవి మెలిపెట్టి నేర్పారు. నాకు చెవి మెలిపెట్టాక పెళ్ళి కూడా చేసుకున్నారు, అది వేరే సంగతి.

జరిగింది రాస్తాను. సోమవారం ఆయన డయాలిసిస్ నుంచి వచ్చి వాలుకుర్చీలో పడుకున్నారు. ఆయన ఫోన్ మోగింది. చెవి సరిగా వినపడదు కదా, ఎప్పుడూ స్పీకర్ పెట్టే మాట్లాడతారు. నేను పొయ్యి దగ్గర నుంచి ప్రతి మాటా విన్నాను.

"పైడిరాజు బావా, నాను దాలమ్మని. గుణవతి వదినకి నువ్వు పట్టుకెల్లాల్సిన చీర తీసి పక్కనెట్టినాను. ఏటీ కంగారు పడొద్దు లా."

మా తమ్ముడి పేరుతో పిలిచినందుకు ఆయన నవ్వుతూనే, "ఏటి చీర, దాలీ?" అన్నారు.

"పదో రోజు చీర, బావా. కూర్మయ్యన్న వొంట్లో సంగతి మనకి తెలిసిందే కదా. ఈ నెల్లో తీసుకుంటే పది శాతం తగ్గింపు ఉన్నాది."

మొగుడు పోయిన పదో రోజున పెళ్ళానికి పుట్టింటివాళ్ళు పెట్టే చీర గురించి, ఆ మొగుడికే ఫోన్ చేసి చెప్పారు దాలమ్మా. తగ్గింపుతో సహా.

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి, "మీ తమ్ముడు కొనీసినాడా?" అని నన్ను అడిగారు. లేదని ఒట్టేశాను. నమ్మలేదు. దాలి అబద్ధమాడదు అన్నారు. బుధవారం డయాలిసిస్‌కు వెళ్ళలేదు. ఇవాళ శుక్రవారం, ఇవాళా వెళ్ళలేదు. "మీరందరూ తయారైపోనారు. నన్ను ఇంకా ఆ మిషన్‌కి కట్టడం ఎందుకు?" అంటున్నారు. కాళ్ళు ఉబ్బాయి. ఇలా మానేస్తే రెండు వారాలు కూడా ఉండరని నర్సు నాతో తెగేసి చెప్పింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, ఇది అంతకన్నా ఎక్కువ. ఏం జరిగిందో నాకు తెలియాలి. ఫోన్ చేయకు, రాయి. ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను, నువ్వూ అలాగే పంపు.

గుణవతి


క్లాంగ్,
ఏప్రిల్ 14, 2025

వదినకు దాలి దండాలు.

నీ ఉత్తరం కొట్టులో అందింది. స్టాకు గదిలో నిలబడి చదివాను.

ఆ ఫోన్ నేను చేయలేదు వదినా. కాని ఆ గొంతు నాది కాదని అనలేను. సంగతి అంతా చెబుతాను, ఓపిగ్గా చదువు.

రెంగసామి గారి బట్టల కొట్టులో నేను చేరి ముప్పై ఒక్క ఏళ్ళు. క్లాంగ్‌లో ఇన్ని చీరల కొట్లుండగా మనవాళ్ళు తాపా నుంచి, తెలుక్ ఇంతాన్ నుంచి ఇక్కడికే ఎందుకు వస్తారు? నా కోసం. ఎవరింట్లో పిల్ల పెద్దమనిషైంది, ఎవరి కోడలికి ఏడో నెల, ఎవరికి ఎరుపు పడదు, అన్నీ నా తలలో ఉంటాయి. నేను ఫోన్ చేసి రమ్మంటే వస్తారు. ఇదంతా నీకు తెలిసిందే.

రెండేళ్ళ క్రితం రెంగసామి గారి మనవరాలు వైష్ణవి వచ్చి కొట్టు చేతిలోకి తీసుకుంది. మార్కెటింగ్ చదివిన పిల్ల. మంచిదే, నన్ను ఆంటీ అని పిలుస్తుంది, నేను తినకుండా తాను తినదు. ఆ పిల్లే ఒక కార్డు పెట్టింది. మా కొట్టు, రెండు వీధుల అవతలి కిరాణా, ఊరూరా బ్రాంచీలున్న ఒక మందుల షాపు కలిసి ఒకే కార్డు. ఎక్కడ కొన్నా పాయింట్లు అందులోనే పడతాయి. ఎక్కడ ఏం కొన్నారో ముగ్గురికీ తెలుస్తుంది.

మీ సుంగై పెటాని బ్రాంచిలో నువ్వు పెద్దవాళ్ళ డైపర్లు కొన్నావు. పుండ్లకు వేసే పట్టీలు కొన్నావు. ఒక నెల మానేసి మళ్ళీ రెట్టింపు కొన్నావు. కంప్యూటర్ అది చూసి, ఈ ఇంట్లో మనిషి మంచాన పడ్డాడు, ఇంకో మూడు నెలల్లో ఫలానా అవసరం వస్తుంది అని లెక్క కట్టిందట. ఎవరికి ఏం కావాలో వాళ్ళు అడక్కముందే తెలుసుకోవడమే ఇప్పుడు వ్యాపారం అని వైష్ణవి అంటుంది. నేనూ ముప్పై ఏళ్ళు చేసింది అదేనట, తాను దాన్ని పెద్దది చేసిందట.

ఇక గొంతు సంగతి. పోయిన ఆగస్టులో నన్ను కౌలాలంపూర్‌లో గోడలకు తివాచీలు అంటించిన రికార్డింగు గదిలో నాలుగు రోజులు కూర్చోబెట్టి చదివించారు. పేర్లు, అంకెలు, వరసలు, పండగలు, మాటల చివర ఇక్కడి అలవాటుగా లా అనడం కూడా. దాన్ని పట్టుకుని ఏఐ అనే మిషన్ నా గొంతుతో మాట్లాడుతుంది. ఆంటీ రోజుకు ముప్పై ఫోన్లు చేయగలదు, ఇది మూడు వేలు చేస్తుంది అన్నారు. సంతకం పెట్టాను. ఈ వయసులో నా గొంతుకు అంత విలువా అని మురిసిపోయాను కూడా, దాచడం ఎందుకు.

అన్నయ్యకు ఎందుకు వెళ్ళిందంటే, ఆ పొరపాటు మనదే. పైడిరాజు బావ కూతురి పెళ్ళికి బట్టలు కొన్నప్పుడు రెండిళ్ళకూ కలిపి ఒకే కార్డు తీసుకున్నాం. పాయింట్లు ఒకచోట పడితే రైస్ కుక్కర్ వస్తుందని. సలహా నాదే. కొన్నది బావ పేరు మీద, నంబరు మాత్రం అన్నయ్యది. రైస్ కుక్కర్ వచ్చింది. ఈ ఫోనూ వచ్చింది.

మన పదో రోజు చీర సంగతి దానికి ఎలా తెలిసిందో కనుక్కుంటాను.

నన్ను రమ్మంటే ఈ పూటే బస్సెక్కుతాను.

దాలి


సుంగై పెటాని,
ఏప్రిల్ 17, 2025

దాలమ్మా,

కార్డు కథ, కంప్యూటర్ కథ, గదికి తివాచీలు అంటించిన కథ, అన్నీ చదివాను. ఇంత పొడుగు ఉత్తరంలో నాకు కావలసిన ఒక్క మాట లేదు. చీర ఉందా, లేదా?

పైడిరాజును పోర్ట్ క్లాంగ్ నుంచి పిలిపించాను. ఆయన ముందు నిలబడి, "బావా, నాను ఏ చీరా కొన్లేదు, నా పిల్లల మీద ఒట్టు" అని ఏడ్చాడు. ఆయన వాడి భుజం తట్టి, కొనకపోతే కొనుక్కో, తగ్గింపు ఈ నెలే కదా అన్నారు. పైడిరాజు ఆ పూట నా ఇంట అన్నం తినకుండా వెళ్ళిపోయాడు.

శనివారం యోగి కాళ్ళు పట్టుకుంటే మిషన్ దగ్గరికి వెళ్ళారు. గంటన్నర కూర్చుని సూది తీసేయమన్నారు. మళ్ళీ మంగళవారం అంతే, రెండు గంటలు. ఆ కాస్తతోనే ఇప్పటికి లాక్కొస్తున్నాం. అన్నం ముద్ద మింగుడు పడటం లేదు. దుప్పటి కూడా వద్దంటారు, ఎలాగూ పోయేవాడికి కొత్తదెందుకు అంటారు. నలభై ఏళ్ళు నన్ను నవ్వించిన మనిషి ఇప్పుడు మాట్లాడితే వినలేక పెరట్లోకి వెళ్ళిపోతున్నాను.

నువ్వు రాకు. ఇప్పుడు నువ్వు బస్సు దిగితే చావుకొచ్చావనే అనుకుంటారు.

చేయాల్సింది ఒకటి ఉంది. ఆయనకు విడిగా ఉత్తరం రాయి. నీ చేత్తో, ఆయన నేర్పిన అక్షరాలతో. చీర తీసి పెట్టలేదని రాయి. నీ గొంతును నమ్మి కూర్చున్నారు, నీ చేతి రాత చూస్తే దాన్ని నమ్ముతారు. నిజంగా చీర ఉందో లేదో నాకు చెప్పకు. ఇందాక అడిగాను కాని, ఇప్పుడు వద్దంటున్నాను. లేదని రాయి, అంతే.

గుణవతి


క్లాంగ్,
ఏప్రిల్ 19, 2025

కూర్మయ్య అన్నయ్య పాదాలకు దాలి నమస్కరించి రాస్తున్నది.

పదేళ్ళప్పుడు పలక మీద తప్పు రాశానని మీరు చెవి మెలిపెట్టారు, గుర్తుందా? ఆ చెవే ఇప్పుడూ మీ ముందు పెట్టుకున్నాను, మెలిపెట్టండి. కాని డయాలిసిస్‌కు వెళ్ళొచ్చి మెలిపెట్టండి. ఓపిక లేనివాళ్ళు మెలిపెడితే నాకు బుద్ధి రాదు.

అన్నయ్యా, ఆ ఫోన్‌లో మాట్లాడింది నేను కాదు. మా కొట్టు మిషన్. ఎవరింటి సంగతో ఎవరింటికో కలిపేసి వాగింది. చీర లేదు. నేను ఏ చీరా తీసి పెట్టలేదు. పెట్టమని ఎవరూ నన్ను అడగలేదు. మీ చెల్లెలు ఇది తన చేత్తో రాస్తోంది.

వదిన మీ కోసం ఏం పడుతోందో మీకు తెలియనిది కాదు. పోయిన ఏడు దీపావళికి వచ్చినప్పుడు, ఇంకో దీపావళి చూద్దాం దాలీ అన్నారు మీరు. ఆ మాట మీదే, నాది కాదు.

వెళ్ళండి అన్నయ్యా. వెళ్ళొచ్చి నాకు రెండు ముక్కలు రాయండి.

మీ దాలి


సుంగై పెటాని,
మే 9, 2025

దాలమ్మకు వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. మూడోసారి కాగితం తాను లాక్కుని ముక్కుకు ఆనించుకుని చూశారు. కళ్ళు మసకలు కదా, మాటలు చదవలేకపోయారు, అక్షరాల వంపులు మాత్రం కనబడ్డాయి. "దాలి రాతే, ఆ కొమ్ములు దానివే" అన్నారు. మర్నాడు పొద్దున్నే యోగి కన్నా ముందు చొక్కా తొడుక్కుని కూర్చున్నారు.

ఈ మూడు వారాల్లో ఒక్క రోజు కూడా మానలేదు. పూర్తిగా నాలుగు గంటలూ కూర్చుంటున్నారు. కాళ్ళ వాపు తీసింది. మొన్న చేపల పులుసు అడిగారు, ఉప్పు లేకుండా చేశానని తిట్టారు కూడా. ఆ తిట్టు విని నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఇలా ఉంటే ఇంకో ఏడాది, రెండేళ్ళు కూడా ఉండొచ్చని డాక్టరు అంది.

నీ ఉత్తరం ఇంకో పని చేసింది. యోగి చేత పెద్ద భూతద్దం తెప్పించుకున్నారు. పాత పుస్తకాలు తీసి ఒక్కో అక్షరం మీద అద్దం జరుపుకుంటూ చదువుతున్నారు. పోస్టుమానో కొరియరో, మోటారు సైకిల్ చప్పుడైతే నా కన్నా ముందు ఆయనే గేటు దగ్గర. కరెంటు బిల్లు వస్తే మొహం మాడ్చుకుంటున్నారు, దాలి రాయలేదా అని. నీ ఉత్తరానికి యాభైకి ముప్పై అయిదు మార్కులు వేశారు. నేను ఎక్కువ వేయమన్నాను, వినలేదు.

ఒక్క సంగతి. మొన్న నీ గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి పట్టు చీరల మీద తగ్గింపు అని. నేనే ఎత్తి పెట్టేశాను. ఇంకా ఆపించలేకపోయావా?

నీ మేలు మరిచిపోను. నువ్వు చెప్పింది నిజమో అబద్ధమో నేను అడగలేదు, ఇక మీదట కూడా అడగను. కింద ఆయన రాస్తానంటున్నారు, కలం ఇస్తున్నాను.

గుణవతి

దాలీ, నీకు దీర్ఘాలంటే భయం ఇంకా పోలేదు. మార్కులు అందుకే తగ్గాయి. మీ కొట్టు మిషన్ మాత్రం వరసలు భలే పిలిచింది. నా బావమరిదిని నువ్వు ఏమని పిలవాలో సరిగ్గా అలాగే పిలిచింది. మన పిల్లలకే రాని వరసలు దానికి వచ్చాయి. నేర్పినవారెవరో గట్టి గురువు. తరచూ రాయి. కూర్మయ్య.


క్లాంగ్,
మే 21, 2025

వదినా,

ఈ ఉత్తరం నీ ఒక్కదానికే. చదివి చింపెయ్.

అన్నయ్య బాగున్నారని చదివి గణపతి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టాను. ఇంటికి వచ్చి ఆయన రాసిన నాలుగు ముక్కలు మళ్ళీ చూశాను. గట్టి గురువు అన్నారే, అప్పటి నుంచి అన్నం దిగడం లేదు. ఆ గురువును నేనే వదినా.

ముందు కొట్టు సంగతి రాస్తాను. వైష్ణవికి నీ మొదటి ఉత్తరం చదివి తమిళంలో చెప్పాను. ఏడ్చింది. మీ నంబరు జాబితాలోంచి తీయించానంది. తీస్తే పట్టు చీరల ఫోన్ ఎందుకు వచ్చింది అంటే, అది వేరే జాబితా అట. నా గొంతు నాకు ఇచ్చేయమన్నాను. మూడేళ్ళకు సంతకం పెట్టారు ఆంటీ అంది. ఆ కాగితం అప్పుడు నేను చదవలేదు, ఇంగ్లీషులో ఉంది. ఇంకో మాట కూడా అంది. "ఆంటీ, కంప్యూటర్ తప్పు చెప్పలేదు లా. నంబరు ఒకటే తప్పు." ఆ పిల్ల దుర్మార్గురాలు కాదు. నన్ను ఓదారుస్తున్నాననుకునే ఆ మాట అంది.

ఇప్పుడు నా సంగతి. ఆ నాలుగు రోజుల చదువు అయ్యాక వైష్ణవి, ఆ కంపెనీ కుర్రాళ్ళు నన్ను కూర్చోబెట్టి, కార్డుకు తెలియనివి మీకు ఏం తెలుసో చెప్పండి ఆంటీ అన్నారు. ముప్పై ఏళ్ళలో నన్ను ఎవరూ అలా అడగలేదు. ఉబ్బిపోయి చెప్పాను. పదో రోజు చీర సంగతి కూడా చెప్పాను. ఎవరింట్లోనైనా మనిషి మంచాన పడ్డారని తెలిస్తే, వాళ్ళ తాహతుకు తగిన చీర ఒకటి తీసి వెనక బీరువాలో పెడతాను. ఎవరికీ చెప్పను. ఆ రోజు వచ్చినప్పుడు అన్నో తమ్ముడో ఎర్రబడ్డ కళ్ళతో కొట్టుకొస్తాడు. అప్పుడు వాడి ముందు వంద చీరలు పరిచి రంగు చూసుకోమనడం పాపం. రెండు నిమిషాల్లో సంచిలో పెట్టి పంపిస్తాను. ఇది నా గొప్ప అనుకునేదాన్ని.

ఒక ఇంటి సంగతి ఉదాహరణకు చెప్పండి అన్నారు. నాలుక చివర నువ్వే ఉన్నావు. మా వదిన గుణవతి, సుంగై పెటాని, మా అన్నయ్యకు కిడ్నీలు, చీర తేవాల్సింది పైడిరాజు బావ అని చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు. ఇంటిగుట్టు లంకకు చేటు అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. నేను నా ఇంటి గుట్టు టీ తాగుతూ చెప్పాను.

చీర ఉంది వదినా. పోయిన జూలై నుంచి ఉంది. బూడిద రంగు, సన్న అంచు, నీ ఒంటి రంగు తలుచుకుని నేనే ఏరాను. అప్పుడు అన్నయ్య పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నారు కదా, ఇక రారేమో అనుకున్నాను. ఆయన ఇంటికి వచ్చినా దాన్ని తీసేయడానికి చేయి రాలేదు. ఆ మిషన్ అబద్ధం ఆడలేదు. అబద్ధం రాసింది నేను. ఆయన నేర్పిన అక్షరాలతో ఆయనకే రాశాను. చీర ఉందో లేదో చెప్పకు అన్నావు నువ్వు. చెప్పకుండా ఉండాలని నెల రోజులు చూశాను, నా వల్ల కాలేదు. ఎవరో ఒకరికి చెబితే గాని ఈ బరువు దిగదు. నీకు కాక ఎవరికి చెప్పను?

తిట్టు. తిడుతూ రెండు ముక్కలు రాసినా చాలు.

దాలి


సుంగై పెటాని,
జూన్ 4, 2025

దాలమ్మా,

యోగి ఫోన్ చేసి ఆదివారం సంగతి చెప్పాడు, నీకు తెలుసు. దహనానికి నిన్ను రావద్దని వాడి చేత చెప్పించింది నేనే. ఎలా జరిగిందో వాడు చెప్పి ఉండడు. వాడికి తెలుగు చదవడం రాదు, ఆ కాగితంలో ఏముందో వాడికి తెలియదు. నేను చెప్పలేదు. నీకు మాత్రం చెబుతాను. నువ్వు దించుకున్న బరువు ఎవరి మీద పడిందో నీకు తెలియాలి.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. నేను పనిచేసే స్కూలు కేంటీన్‌లో ఉన్నాను. గేటు దగ్గర ఎవరు కాచుకుని ఉంటారో నీకు రాశాను. భూతద్దం సంగతీ రాశాను. కవరు మీద నా పేరే ఉంది, కాని ఈ ఇంట్లో నీ ఉత్తరం ఎవరి పేరు మీద వచ్చినా ఆయనదే. నేను వచ్చేసరికి కాగితం నాలుగు మడతలు పెట్టి అద్దం కింద ఉంచారు. అంత చిన్న అక్షరాలు అన్ని పేజీలు, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి ఉంటారు.

కోపం రాలేదు ఆయనకు. కోపం వచ్చి ఉంటే బతికేవారు.

"దాలి నిజం రాసినాది. దాని మీద కేకలెయ్యకు" అన్నారు. తరవాత, "బూడిద రంగు నీకు నప్పదు గుణా. పైడిరాజుని ఆకుపచ్చది తెమ్మను" అన్నారు.

మర్నాడు శుక్రవారం చొక్కా తొడుక్కోలేదు. యోగి ఏడ్చాడు, నేను కాళ్ళ మీద పడ్డాను. డాక్టరు ఇంటికి ఫోన్ చేసి మాట్లాడింది. అందరితోనూ మర్యాదగానే మాట్లాడారు. మొదటిసారి ఫోన్ విన్నప్పుడు మా మీద అలిగారు, అలిగిన మనిషిని బతిమాలవచ్చు. ఈసారి అలక లేదు. అంతా సర్దుకుని కూర్చున్న మనిషిని ఏం బతిమాలను? తొమ్మిది రోజులు ఉన్నారు. చివరి రెండు రోజులు నన్ను గుర్తుపట్టలేదు. పైడిరాజుతో ఆకుపచ్చ అని చెప్పాను. ఎందుకని వాడు అడగలేదు.

నీ తప్పు మొత్తం నీ ఒక్కదాని మీద వేయను. అబద్ధం రాయమని అడిగింది నేను. డైపర్లకు ఆ కార్డు గీకింది నేను. ఏడాదో రెండేళ్ళో అన్న డాక్టరు కూడా దేవుడు కాదు. కాని ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేను. ముప్పై ఏళ్ళు మనవాళ్ళు నిన్ను నెత్తిన పెట్టుకున్నది నీకు అన్నీ తెలిసినందుకు కాదు. అన్నీ తెలిసి నోరు మూసుకున్నందుకు. ఆ మిషన్‌కు వరసలు నేర్పావు, పండగలు నేర్పావు, నన్ను కూడా నేర్పావు. నోరు మూసుకోవడం నేర్పలేకపోయావు. సరే, అది ఇనుము. నీకేమైంది? చెప్పకు అని నేను రాసి మరీ అడిగాను. అది ఒకసారి చెప్పింది, నువ్వు రెండోసారి చెప్పావు. అది చెప్పినప్పుడు ఆయన తిరిగి లేచారు.

నీ ఉత్తరం చింపలేదు. ఆయనతోపాటు కాల్చేశాను.

పదో రోజు మంగళవారం. నువ్వు రావాలి. ఆడపడుచు రాకపోతే నలుగురూ ఏమనుకుంటారని కాదు, వాళ్ళు ఏమనుకున్నా నాకు పట్టదు. ఆయనతో తెలుగులో కొట్లాడినవాళ్ళు ఈ లోకంలో ఇక నువ్వూ నేనే. నా పక్కన ఇంకెవరు కూర్చున్నా అది నాకు ఆనదు.

మన ఇళ్ళల్లో ఎవరు పోయినా శోకం ఎత్తుకునేది నువ్వే. నువ్వు ఎత్తుకుంటే గాని మిగతా ఆడవాళ్ళకు ఏడుపు రాదు. ఈసారి ఎత్తుకోకు. ఎవరు బలవంతం చేసినా ఎత్తుకోకు. నన్ను పలకరించకు, వదినా అని పిలవకు. ఆ గొంతు ఎక్కడిదైనా నేను వినలేను. గేటు తీసే ఉంటుంది. వచ్చి నా పక్కన కూర్చో. ఏడుపు ఆగకపోతే కొంగు నోట్లో కుక్కుకుని ఏడువు. ఎంతసేపు కూర్చున్నా సరే, ఒక్క మాట మాట్లాడకు.

గుణవతి